పాత వీల్ హార్స్ తోట ట్రాక్టరుకు గేరాయిలు మార్చడం

మా వీల్ హార్స్ సీ-120 ట్రాక్టరుకు తొలిసారి గేరాయిలు మార్చిన రోజున, అడుగు ప్లగ్గు విప్పగానే ముందుగా బయటికి వచ్చినవి తుప్పు రంగు నీళ్లు. ఒక టీ గ్లాసుడు నీళ్లు కారాక, పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి ద్రవం జారడం మొదలైంది. అంతకు పది నిమిషాల ముందే సీటు ఎత్తి, ఆయిలు మట్టం చూపే గీత పుల్ల, అంటే డిప్‌స్టిక్, తీసి చూశాను. ఆయిలు సరిగ్గా గీత దగ్గరే ఉంది, పుల్లకు అంటిన చుక్క కూడా మరీ అనుమానించదగ్గదిగా లేదు. నీటికన్నా ఆయిలు తేలిక కాబట్టి నీళ్లు పెట్టె అడుగున చేరి, పైనున్న కాస్త ఆయిలును గీత దాకా ఎత్తి పెట్టాయి. డిప్‌స్టిక్ ఎంత ఉందో చెబుతుంది గాని ఏముందో చెప్పదని నాకు ఆ రోజు అర్థమైంది. నలభై యాభై ఏళ్ల నాటి ఈ బండ్లలో గేర్లు అరిగిపోయి పాడైనవాటికన్నా, లోపలికి దిగిన నీటితో తుప్పు పట్టి పాడైనవే నాకు ఎక్కువగా కనిపించాయి. అందువల్ల కింద రాసిన పద్ధతి అంతా ఆ నీటిని కనిపెట్టడం, బయటికి పంపడం, మళ్లీ రాకుండా చూడడం చుట్టూనే తిరుగుతుంది.

ముందు బండి గురించి రెండు మాటలు. వీల్ హార్స్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, సౌత్ బెండ్ ఊళ్లో 1946లో పాండ్ కుటుంబం మొదలుపెట్టిన కంపెనీ. అది 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్లింది. సీ-120లో 12 గుర్రాల శక్తి గల కోలర్ ఇంజను ఉంటుంది. ఇంజను నుంచి గేరుపెట్టెకు శక్తి బెల్టు ద్వారా వస్తుంది. గేర్లూ, మలుపుల్లో వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియలూ ఒకే పోత ఇనుప పెట్టెలో ఉంటాయి కనుక రెండింటికీ ఒకే ఆయిలు చాలు. దీన్ని 8 స్పీడు అంటారు గాని అందులో ముందుకు వెళ్లేవి ఆరే. మూడు ముందు గేర్లనూ ఒక రివర్సునూ హై, లో అనే రెండు రేంజుల్లో లెక్కవేసి, వెనక్కు వెళ్లే రెండింటినీ కలుపుకొని ఎనిమిదిగా చెప్పుకున్నారు.

మన ఊళ్లలో మాస్సీ 1035 ట్రాక్టరు మీద చెయ్యి తిరిగినవారు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అందులో గేర్లు, డిఫరెన్షియలు, హైడ్రాలిక్ లిఫ్టు మూడూ ఒకే ఆయిలును పంచుకుంటాయి, పోసేటప్పుడు పెద్ద డబ్బాలు ఖాళీ అవుతాయి. ఈ చిన్న బండి గేరుపెట్టెలో పట్టేది రెండు క్వార్టులే, అంటే రెండు లీటర్లకు కాస్త తక్కువ, 1.9 లీటర్లు. ఇంత తక్కువ ఆయిలులో ఒక గ్లాసు నీళ్లు కలిసినా అది మొత్తంలో పదో వంతు అవుతుందన్న సంగతి గుర్తు పెట్టుకుంటే, ఈ పని ఎందుకు వాయిదా వేయకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

మీ బండి మీద ఆటోమేటిక్ అని రాసి ఉంటే ఇక్కడితో ఆగండి. అది హైడ్రోస్టాటిక్ బండి, అంటే గేర్లు మార్చే పని లేకుండా పంపు తోసే ఆయిలు ఒత్తిడితో నడిచేది, దాని ఆయిలు వేరు, ఫిల్టరు వేరు. అందులో గేరాయిలు పోస్తే పంపు దెబ్బతింటుంది. ఏ బండికి ఏ ఆయిలో తేల్చుకోవడానికి బండికి ఉన్న రేకు మీది మోడల్ నంబరు చూసి, ఆ నంబరు పుస్తకాన్ని టోరో వెబ్‌సైటు నుంచి దించుకోవడం మేలు. పాత వీల్ హార్స్ పుస్తకాలను వాళ్లు ఉచితంగానే ఉంచారు.

గేర్ల బండికి ఆనాటి పుస్తకాలు ఎస్‌ఏఈ 90 అనే చిక్కదనపు గ్రేడు గేరాయిలు పోయమంటాయి. ఇప్పుడు దుకాణాల్లో ఒట్టి 90 అరుదు కాబట్టి 80డబ్ల్యూ-90 తెచ్చుకుంటే సరిపోతుంది. 90 అన్న అంకె చూసి ఇది 40 నంబరు ఇంజనాయిలుకు రెండింతలు చిక్కన అనుకునేవారు ఉంటారు. గేరాయిళ్ల కొలబద్ద, ఇంజనాయిళ్ల కొలబద్ద వేర్వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 గ్రేడు గేరాయిలు చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల మధ్య ఉంటే, 40 గ్రేడు ఇంజనాయిలుది 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. కాబట్టి రెండింటి తేడా చిక్కదనంలో కన్నా లోపల కలిపిన మందుల్లో ఎక్కువ. గేరు పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ జారే చోట ఆయిలు పొర తెగిపోయినా, ఇనుము ఇనుమును గీరకుండా గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు కాపాడతాయి. గేరాయిలు సీసా మూత తీయగానే ఇంగువ డబ్బా తెరిచినట్టు గుప్పుమనేది ఆ గంధకమే; ఇంగువ వాసనకూ మూలం గంధకపు సమ్మేళనాలే కాబట్టి ఆ పోలిక ఉత్త ముక్కు చెప్పేది కాదు.

ఈ మందులు తక్కువ పాళ్లలో ఉన్నది జీఎల్-4, ఎక్కువ పాళ్లలో ఉన్నది జీఎల్-5. గంధకం రాగినీ కంచునూ తింటుందని, పాత బండ్లలో కంచు బుష్షులు ఉంటాయి కనుక జీఎల్-5 పోయకూడదని చాలామంది భయపెడతారు. ఆ భయానికి ఆధారం ఉంది గాని, రాగి మీద ఆ ప్రభావం గట్టిగా కనిపించేది ఆయిలు బాగా వేడెక్కినప్పుడు. గడ్డి కోసే బండి గేరుపెట్టె రెండు గంటలు నడిచినా, నా అనుభవంలో, చెయ్యి ఆనించలేనంత వేడి ఎన్నడూ ఎక్కలేదు. జీఎల్-5 అవసరపడే హైపాయిడ్ గేర్లు, అంటే పళ్లు ఒకదాని మీద ఒకటి బాగా జారుతూ కలిసేవి, ఇందులో లేవు కాబట్టి జీఎల్-4 దొరికితే అది చాలు. అమెరికాలో మామూలు దుకాణాల్లో చేతికందేది జీఎల్-5 కాబట్టి నేను అదే పోస్తున్నాను, ఇంతవరకు దాని వల్ల ఇబ్బంది పడలేదు.

ఈ పనికి వసంతకాలం కన్నా ఆకురాలు కాలమే మంచిదన్నది నా అభిప్రాయం. అందరూ గడ్డి కోత మొదలుపెట్టే ముందు, ఏప్రిల్‌లో మారుస్తారు. నేనుండే ఒహాయోలో చలికాలమంతా ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దిగుతూ లేస్తూ ఉంటుంది. పెట్టె అడుగున నీళ్లు ఉండిపోతే అవి మంచుగా మారి గేరు పళ్లను పట్టేస్తాయి. నీళ్లు ఎక్కువగా ఉంటే పోత ఇనుము పగిలే ప్రమాదమూ ఉంది. ఐదు నెలలు కదలకుండా ఉండే బండిని పొడి గేరుపెట్టెతో నిలబెట్టడం, తడిదానితో నిలబెట్టి ఏప్రిల్‌లో చూసుకుందామనుకోవడం కన్నా ఎంతో నయం.

నీళ్లు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి, మొత్తం ఆయిలు దించడానికి రెండు వేర్వేరు సమయాలు కావాలి. పరీక్షకు బండి చల్లగా, కనీసం ఒక రాత్రంతా కదలకుండా నిలిచి ఉండాలి. పొద్దున్నే అడుగు ప్లగ్గును కొద్దిగా వదులు చేసి, మొదట కారే నాలుగు చెంచాలను ఒక గాజు సీసాలో పట్టండి. నీరు ఉంటే అడుగున పేరుకొని ఉంటుంది కనుక ముందు అదే వస్తుంది. ఆ వెంటనే ప్లగ్గు బిగించేసి, పావుగంటో ఇరవై నిమిషాలో బండిని తోటంతా తిప్పండి. ఇప్పుడు ఆయిలు గోరువెచ్చనై పలచబడుతుంది, అడుగు మడ్డి లేచి ఆయిలులో కలుస్తుంది. అప్పుడు దించితే పాతదంతా ఊడ్చుకొని వస్తుంది. చల్లటి గేరాయిలు చలి పొద్దున ఆముదంలా తీగ సాగుతూ దిగుతుంది, సగం లోపలే అంటుకొని ఉండిపోతుంది.

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు వైరు లాగి పక్కకు పెట్టండి. చక్రాలు పైకెత్తేవారు ఒక సంగతి మరవకూడదు. ఈ ట్రాక్టరుకు బ్రేకు ఉండేది గేరుపెట్టె పక్కనున్న డ్రమ్ము మీదే, అది పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేచిందంటే బ్రేకు వేసినా, గేరులో ఉంచినా ముందు చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. కాబట్టి జాకీ పెట్టకముందే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క ముక్కలు అడ్డం పెట్టాలి. జాకీ మీదే వదిలేసి కిందికి దూరకండి, కింద స్టాండ్లు పెట్టండి. ఇక్కడ చవకగా దొరికే డొల్ల సిమెంటు ఇటుకలు అప్పటిదాకా నిలిచినట్టే నిలిచి ఒక్కసారిగా పొడైపోతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లవద్దు.

ప్లగ్గు విప్పడానికి ముందు గేరుపెట్టె అడుగును, పక్కలను కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఏళ్ల తరబడి పేరుకున్న గడ్డి, మట్టి, జిడ్డు కలిసి పిడకలా అంటుకొని ఉంటాయి, ప్లగ్గు ఎక్కడుందో కూడా కనపడదు. అంతకన్నా ముఖ్యంగా, కింద విప్పే ముందు పైన డిప్‌స్టిక్ తీసి చూడండి, అది తేలిగ్గా వస్తోందో లేదో. ఆయిలంతా దించాక పైది తుప్పు పట్టి రాకపోతే, ఖాళీ గేరుపెట్టెతో కదలలేని బండి మిగులుతుంది. మా బండికి ఉన్నది కుచించుకుంటూ పోయే మరల పైపు ప్లగ్గు. మొండికేస్తే తుప్పులోకి చొచ్చుకుపోయే నూనె చల్లి ఒక రాత్రి వదలండి. పొడవాటి పైపు తొడిగి బలంగా తిప్పితే విరిగేది పోత ఇనుపదైన గేరుపెట్టే అవుతుంది.

ఆయిలు దిగుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో తెలుసుకోవలసింది ఎక్కువగా ఈ పది నిమిషాల్లోనే ఉంది. నల్లగా, తేటగా, చిక్కగా దిగితే ఆయిలు పాతదే గాని ఆరోగ్యంగానే ఉందన్నమాట. బూడిద రంగో, పాలటీ రంగో ఉంటే నీళ్లు కలిసి చిలికినట్టయ్యాయి. అనుమానం ఉంటే పాత రేకు మూతను బాగా వేడి చేసి, మంటకు దూరంగా పెట్టి, దాని మీద ఒక చుక్క వేయండి; తాలింపులో తడి కరివేపాకు వేసినట్టు చిటపటలాడితే నీరున్నట్టే. తర్వాత దించిన ఆయిలులో ఒక అయస్కాంతాన్ని తిప్పండి. దానికి బూడిద రంగు ముద్ద లాంటి మెత్తటి పొడి అంటుకుంటే భయపడనక్కర్లేదు, యాభై ఏళ్లు తిరిగిన గేర్లు ఆ మాత్రం పొడి రాలుస్తాయి. వేళ్ల మధ్య రాస్తే గరుకుగా తగిలే రేకలు, పంటి ముక్కలు వస్తే గేరు విరిగింది. బట్టలు కుట్టే సూది తుంపులా ఉండి, రెండు కొసలూ మొండిగా ఉన్న సన్నటి ఉక్కు పుల్ల దొరికితే, అది సూది బేరింగు లోంచి ఊడిన రోలరు. అప్పుడు కొత్త ఆయిలు పోసి ప్రయోజనం లేదు, పెట్టె విప్పాల్సిందే. అయస్కాంతానికి అంటకుండా ఆయిలులో బంగారు రంగు మెరుపులు కనిపిస్తే అవి కంచు బుష్షు అరుగుదల.

ఆయిలు నల్లగా శుభ్రంగా దిగినవారు కడిగే పని పెట్టుకోనక్కర్లేదు. నీళ్లు వచ్చినవారు మాత్రం కడగాలి, నేను మూడుసార్లు కడిగాను. అడుగు ప్లగ్గు బిగించి, లీటరున్నర డీజిలు గాని కిరసనాయిలు గాని పోసి, వెనక చక్రాలు రెండూ గాలిలో ఉండగా, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కున తిరుగుతుంది, డిఫరెన్షియలు లోపలి గేర్లన్నీ డీజిలులో మునిగి లేస్తాయి. తర్వాత ఒక్కో గేరులో వేసి, గేరుపెట్టె పక్కనున్న పుల్లీని చేత్తో తిప్పితే మిగతా గేర్లూ కడుగుడు పడతాయి. ఇంజను వేసి తిప్పమనే సలహా కూడా వినిపిస్తుంది. డీజిలుకు బేరింగులను కాపాడేంత జిడ్డు లేదు కాబట్టి నేను చేత్తోనే తిప్పుతాను. ఇంజనుతో చేసేవారు కనీసం లో రేంజిలో, తక్కువ వేగంతో, ఒక్క నిమిషానికి మించకుండా చూసుకోవాలి. పెట్రోలు మాత్రం ఏ పరిస్థితిలోనూ పోయకండి. చివరిసారి దించాక ప్లగ్గు తెరిచే ఉంచి రాత్రంతా వదిలితే, మూలల్లో నిలిచిన డీజిలు చుక్కచుక్కగా కారిపోతుంది.

కారనిస్తున్న ఆ రాత్రి, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకాలి. దాదాపు ప్రతిసారీ దొంగ ఒక్కడే. గేరు లివరు మొదట్లో కుచ్చులుగా ఉండే రబ్బరు తొడుగు ఎండకు ఎండి, చీలికలు పడి ఉంటుంది. బండిని బయట నిలిపితే వానచినుకులు లివరు కడ్డీ వెంట జారి తిన్నగా గేరుపెట్టెలోకి దిగుతాయి. నీళ్ల పైపు పెట్టి బండి కడిగే అలవాటున్నవారు వాన కోసం ఎదురు చూడనక్కర్లేదు. మా బండి తొడుగు పైకి బాగానే ఉంది. వేలితో కుచ్చులు విడదీసి చూస్తే మడత లోపల వెంట్రుక మందాన చుట్టూ చీలి ఉంది. కొత్త తొడుగు వేసి, పైన ఒక చిన్న బిగింపు పట్టీ చుట్టాను. బయట నిలపక తప్పనివారు తొడుగు మీద ప్లాస్టిక్ సంచి కప్పి కట్టినా చాలావరకు ఆగుతుంది. చూడ్డానికి బాగుండదు, అంతే.

అదే సమయంలో సీళ్లు కూడా చూసుకోవాలి. ఇరుసు రెండు చివరలా, పుల్లీ కడ్డీ దగ్గర, బ్రేకు డ్రమ్ము కడ్డీ దగ్గర రబ్బరు సీళ్లుంటాయి. వీటిలో బ్రేకు వైపుది కారితే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కారిన ఆయిలు తిన్నగా బ్రేకు పట్టీని తడుపుతుంది. వాలు నేల మీద బ్రేకు జారినప్పుడు గాని ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇరుసు సీలు మార్చాలంటే చక్రం హబ్బు ఊడదీయాలి, అది ఊడడం ఒక్కోసారి వారం రోజుల పని, అందుకని దాన్ని ఈ పనితో కలపకండి. ఇరుసు దగ్గర చెమ్మ పట్టినట్టు మాత్రమే ఉంటే నేనైతే తుడిచి వదిలేస్తాను.

తిరిగి నింపడం తేలిక. అడుగు ప్లగ్గు మరలను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, మరలకు పూసే సీలు పేస్టు కొద్దిగా రాసి బిగించండి. తెల్ల టేపు చుట్టితే దాని పీలికలు లోపలికి పోయే అవకాశం ఉంది కనుక నాకు పేస్టే ఇష్టం. ఆయిలు సీసాలను ముందుగా ఒక పావుగంట వేడినీళ్ల బకెట్టులో నిలబెడితే పోత సగం సమయంలో అయిపోతుంది. డిప్‌స్టిక్ రంధ్రం సన్నన కాబట్టి గరాటుకు పారదర్శకమైన గొట్టం తగిలించి, గరాటును సీటు స్ప్రింగుకో, ఇంకెక్కడికో తీగతో కట్టి, కొంచెం కొంచెంగా పోయండి. తొందరపడి నింపితే గాలి బుడగ ఎగదన్ని ఆయిలు గేరుపెట్టె పైనంతా పారుతుంది, ఆ ఇంగువ వాసన నెలరోజులు వదలదు. లీటరున్నర పోశాక ఆగి, బండిని నేల మీదికి దించి, చదును నేల మీద డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది పోయండి. డీజిలు ఎంత కారనిచ్చినా లోపల కాస్త మిగులుతుంది కాబట్టి 1.9 లీటర్లూ కొలిచి గుమ్మరించడం కన్నా గీతను నమ్మడం మంచిది. గీత దాటి పోస్తే ఎక్కువైనది సీళ్లలోంచి దారి వెతుక్కుంటుంది. పాత బండిలో డిప్‌స్టిక్‌కు బదులు వెనక వైపు మట్టం చూసే ప్లగ్గు ఉంటే, దాన్ని విప్పి ఉంచి, అందులోంచి ఆయిలు పొర్లే దాకా పోస్తే సరిపోతుంది.

స్పార్క్ ప్లగ్గు వైరు తిరిగి తగిలించి, అన్ని గేర్లలోనూ రెండు రేంజుల్లోనూ కాసేపు నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి మట్టం మళ్లీ చూడండి. గేర్లు మారేటప్పుడు ముందుకన్నా మెత్తగా పడడం మొదటి రోజే తెలుస్తుంది.

దించిన ఆయిలు సంగతి మిగిలింది. మన ఊళ్లలో వాడేసిన ఆయిలును ఎవరూ పారేయరు, చెద పట్టకుండా పాకల గుంజలకూ ఎడ్లబండి చెక్కలకూ పూస్తారు. చిన్నప్పుడు నేను కూడా పూశాను, చేతులకు పట్టిన నలుపు రెండు రోజులు వదల్లేదు. కూరగాయలు పండించే తోటలో మాత్రం ఒక్క చుక్కా నేల మీద పడనివ్వకండి. ఒక్కసారి మార్చిన ఇంజనాయిలే 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. గేరాయిలును మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాహన విడిభాగాలు అమ్మే దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల ఉచితంగా తీసుకుంటారు. నీళ్లు, డీజిలు కలిసినదాన్ని మాత్రం విడి డబ్బాలో పట్టి ఉంచండి, వాళ్ల ట్యాంకులో కలపనివ్వరు. దాన్ని కౌంటీ వారు ప్రమాదకర వ్యర్థాలు సేకరించే రోజున ఇవ్వాలి.

ఒక నెల గడిచాక, మధ్యలో ఒకటి రెండు వానలు కురిశాక, బండిని రాత్రంతా నిలిపి పొద్దున్నే మళ్లీ అడుగు ప్లగ్గును అర చుట్టు వదులు చేసి నాలుగు చెంచాలు గాజు సీసాలో పట్టండి. తేనె రంగులో తేటగా వస్తే తొడుగు పని చేస్తోంది. అడుగున ఒక్క నీటి బొట్టు గోళీలా దొర్లుతూ కనిపించినా లివరు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. నాకు రెండోసారి అలాగే ఒక బొట్టు దొరికింది. తొడుగు బాగానే ఉంది, డిప్‌స్టిక్ మూత కింది రబ్బరు వాషరు లేదు.